పాత ఇంగ్లీషు పత్రాల తేదీలు – నాలుగో పాఠం: రాజుగారి ఏడు

పోయిన పాఠం చివర ఇచ్చిన మూడు లెక్కల్లో రెండు సులువుగానే వచ్చాయి. మూడోది, ‘1648 జనవరి 30’, చాలామందిని బోల్తా కొట్టించింది. లండన్‌లో వైట్‌హాల్ ముందు మొదటి చార్లెస్ తల నరికిన తేదీ అది. నేటి లెక్కలోకి మార్చమంటే కొందరు 1648 అనే ఉంచేశారు, కొందరు 1649 ఫిబ్రవరి 9 చేశారు. జవాబు 1649 జనవరి 30. ఈ ముడి విప్పకుండా ముందుకెళితే ఇవాళ్టి ప్రతి లెక్కా ఒక ఏడు అటో ఇటో జరిగిపోతుంది. ఇవాళ్టి అసలు విషయం రాజుల ఏలుబడి ఏళ్ళలో వేసిన తేదీలు, కానీ ముందు ఈ ముడి. కాబట్టి రాజుగారిని కాసేపు గుమ్మం దగ్గరే ఉంచుదాం.

ఇక్కడ ఉన్నవి రెండు ముళ్ళు. మొదటిది ఏడాది ఎప్పుడు మొదలవుతుందన్నది. 1751 దాకా ఇంగ్లండులో చట్టం లెక్కన కొత్త ఏడు మార్చి 25న, లేడీ డే అనే మరియమ్మ పండుగ నాడు, మొదలయ్యేది. 1648 డిసెంబరు 31 మర్నాడు 1648 జనవరి 1. 1648 మార్చి 24 మర్నాడు 1649 మార్చి 25. మనకిదేమీ వింత కాదు: 1985 ఫిబ్రవరిలో పుట్టిన పిల్లది రక్తాక్షి నామ సంవత్సరమే. క్రోధన రావాలంటే ఉగాది రావాలి. జనవరి 1 నుంచి మార్చి 24 దాకా ఉన్న తేదీలకే ఏడు ఒకటి పెంచాలి, మిగతావాటి జోలికి పోకూడదు.

రెండోది రోజుల ముడి. ఇంగ్లండు పాత జూలియన్ క్యాలెండరు పట్టుకుని కూర్చుంటే ఫ్రాన్సు, స్పెయిను, హాలండు రాష్ట్రం 1582–83 లోనే గ్రెగోరియన్‌కి మారిపోయాయి. తేడా 1700 ఫిబ్రవరి దాకా 10 రోజులు, ఆ తర్వాత 11. చార్లెస్ చనిపోయిన రోజు పారిస్‌లో ఫిబ్రవరి 9 అన్నమాట నిజమే. కానీ ఇంగ్లండులో జరిగినదానికి రోజు, నెల ఉన్నవి ఉన్నట్టే ఉంచి ఏడు మాత్రం దిద్దడం చరిత్రకారుల ఆనవాయితీ. రోజులు కలపాల్సింది రెండు దేశాల కాగితాలు పక్కపక్కన పెట్టినప్పుడే. మూడో విలియం 1688 నవంబరు 11న హాలండులో ఓడ ఎక్కి నవంబరు 5న ఇంగ్లండు టోర్‌బేలో దిగాడు. డచ్చి తేదీ నుంచి 10 తీసేస్తే నవంబరు 1న ఎక్కి 5న దిగాడని తేలుతుంది.

ఇది మన గడపలోనూ ఉంది. మచిలీపట్నంలో డచ్చివాళ్ళు 1605 నుంచి, ఇంగ్లీషువాళ్ళు 1611 నుంచి వ్యాపారం చేశారు. ఒక ఓడ రేవుకి వచ్చిన రోజును డచ్చి గుమాస్తా 1623 జనవరి 30 అని రాస్తే, అదే రోజు ఇంగ్లీషు గుమాస్తా పుస్తకంలో 1622 జనవరి 20 అవుతుంది. ఓడ ఒకటే, రోజూ ఒకటే. రెండు ముళ్ళూ ఒకే తేదీలో పడ్డాయి కాబట్టి ఏడాది తేడా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఈ గొడవలన్నీ తప్పాలంటే నోటుబుక్కులో జనవరి 1 నుంచి మార్చి 24 దాకా ఉన్న తేదీలను ఎప్పుడూ గీతతో ‘1648/9’ అని రాసుకోండి. ఆ రోజుల్లో జాగ్రత్త గల గుమాస్తాలు కూడా అలాగే రాసేవాళ్ళు. ఇంతకన్నా మంచి పద్ధతి మరొకటి లేదు.

ఇక రాజుగారు లోపలికి రావచ్చు.

పాత ఇంగ్లీషు దస్తావేజుల్లో, చట్టాల్లో క్రీస్తుశకం అంకె చాలాసార్లు ఉండదు. ‘మన ప్రభువు ఏలుబడి ఇరవయ్యో ఏట’ అని మాత్రం ఉంటుంది. అది నిండిన ఏడు కాదు, నడుస్తున్న ఏడు. పిల్లవాడికి పదో ఏడు వచ్చిందంటే తొమ్మిదే నిండాయి కదా, అదే లెక్క. శాసనాల్లో గత శకం, వర్తమాన శకం తేడా చూసినవాళ్ళకి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

గద్దెనెక్కిన ఏడుకి ఏలుబడి అంకె కలిపి ఒకటి తీసేయండి. వచ్చిన సంవత్సరంలో గద్దెనెక్కిన తేదీ నాడు ఆ ఏలుబడి ఏడు మొదలవుతుంది. పత్రంలోని రోజు, నెల ఆ తేదీ నాడో దాని తర్వాతో పడితే అదే సంవత్సరం, ముందు పడితే మరుసటి సంవత్సరం. ఈస్టిండియా కంపెనీ మొదటి సనదు డిసెంబరు 31, ఎలిజబెత్ 43వ ఏడు. ఆమె 1558 నవంబరు 17న రాణి అయింది. 1558కి 43 కలిపి 1 తీసేస్తే 1600. డిసెంబరు 31 నవంబరు 17 తర్వాతే కాబట్టి 1600 డిసెంబరు 31. ఆమె మరణం మార్చి 24, 45వ ఏడు. లెక్క 1602 నవంబరు 17 దగ్గర మొదలవుతుంది, మార్చి అంతకు ముందు నెల, కాబట్టి 1603. లేడీ డే లెక్కలో ఆ రోజు 1602వ ఏటికి ఆఖరి రోజు కూడా.

లెక్క గద్దెనెక్కిన రోజు నుంచే, పట్టాభిషేకం నుంచి కాదు. విక్టోరియా 1837 జూన్ 20న రాణి అయింది, కిరీటం పెట్టింది 1838 జూన్ 28న. మొదటి ఎడ్వర్డుకి ముందు రాజులకి మాత్రం పట్టాభిషేకమే మొదలు. జాన్ రాజుది మరీ పేచీకోరు లెక్క. ఆయన 1199లో క్రీస్తు ఆరోహణ పండుగ నాడు కిరీటం పెట్టుకున్నాడు. ఆ పండుగ తేదీ ఈస్టరుతో పాటు ఏటా మారుతుంది, ఆయన ఏడు మొదలయ్యే రోజు కూడా దానితో పాటే మారుతుంది. ఆయన తేదీలకి ఆ ఏటి పండుగ తేదీ చూడకుండా కలం పెట్టొద్దు.

రెండో చార్లెస్‌తో ఇంకో తమాషా. ఆయన లండన్‌కి తిరిగొచ్చింది 1660 మే 29న, కానీ ఏలుబడి లెక్క తండ్రి చచ్చిన రోజు నుంచి, 1649 జనవరి 30 నుంచి. అందుకే తిరిగొచ్చిన ఏడే ఆయనకి 12వ ఏడు. రాజు లేని పదకొండేళ్ళనీ న్యాయవాదులు లేనట్టే తుడిచేశారు.

ఇప్పుడు అసలు ఉచ్చు. బుద్ధిగా చదివినవాళ్ళే ఇందులో పడతారు, అదే చిరాకు. ఫిబ్రవరి 10, రెండో చార్లెస్ 20వ ఏడు అని ఒక దస్తావేజు ఉందనుకోండి. 1649 + 20 – 1 = 1668. ఏడు 1668 జనవరి 30న మొదలైంది, ఫిబ్రవరి 10 దాని తర్వాతది, కాబట్టి 1668 ఫిబ్రవరి 10. అయిపోయింది. కానీ పోయిన పాఠం గుర్తొచ్చి, ‘ఫిబ్రవరి కదా, లేడీ డే రాలేదు కదా’ అని మరొకటి పెంచి 1669 చేస్తారు. తప్పు. మనం 1649 అనే దిద్దిన ఏడుతో లెక్క మొదలుపెట్టాం, కాబట్టి వచ్చిన జవాబు ముందే దిద్దినది. గుమాస్తా క్రీస్తుశకం కూడా రాసి ఉంటే 1667 అని రాసి ఉండేవాడు. పెంచాల్సింది ఆ 1667ని. రాజుగారి ఏడు నుంచి వచ్చిన 1668ని ముట్టుకోకూడదు.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది: చార్లెస్ 1648లో గద్దెనెక్కాడని పాత అంకెతోనే మొదలుపెట్టడం. అప్పుడు మార్చి 27, 20వ ఏడు అని ఉన్న పత్రం 1667కి పోతుంది. ఆ తేదీన వెలువడినది బొంబాయిని కంపెనీ చేతిలో పెట్టిన సనదు. అది 1668. లేడీ డేకి రెండు రోజులు అవతల ఉంది కాబట్టి పాత లెక్కలోనూ, కొత్త లెక్కలోనూ 1668. ఇలాంటి తేదీలతోనే మీ పద్ధతి సరిచూసుకోండి. రెండో జేమ్స్ (1685 ఫిబ్రవరి 6), విలియం–మేరీ (1689 ఫిబ్రవరి 13), ఆన్ (1702 మార్చి 8) అందరూ ఈ ప్రమాదపు నెలల్లోనే గద్దెనెక్కారు. పదిహేడో శతాబ్దం చివర చదివేవాళ్ళకి అడుగడుగునా ఇదే గుంట. దిద్దుబాటు ఒక్కసారే. గద్దెనెక్కిన తేదీ దగ్గర దిద్దండి, తర్వాత చెయ్యి కట్టుకోండి.

చట్టాల గుర్తులు కూడా ఇదే లెక్క. ‘31 కార్. 2, సి. 2’ అంటే రెండో చార్లెస్ 31వ ఏడు, 2వ అధ్యాయం: 1679 నాటి హేబియస్ కార్పస్ చట్టం. ‘కార్.’ లాటిన్‌లో కరోలుస్, అంటే చార్లెస్. ‘జాక్.’ అంటే జాక్ కాదు, జేమ్స్. ‘గుల్.’ విలియం. ఒక పార్లమెంటు సమావేశంలో చేసినదంతా ఒకే శాసనం, అందులో ఒక్కో చట్టం ఒక్కో అధ్యాయం. అందుకే ‘సి.’, అంటే చాప్టర్.

సమావేశం మధ్యలో రాజుగారి ఏడు మారితే రెండంకెలు వస్తాయి. ‘3 & 4 విలియం 4, సి. 85’ కంపెనీ సనదును పొడిగించిన 1833 నాటి చట్టం. నాలుగో విలియం ఏడు జూన్ 26న మారుతుంది, ఆ సమావేశం జనవరి నుంచి ఆగస్టు దాకా నడిచింది. ‘21 & 22 విక్టోరియా, సి. 106’, కంపెనీ పాలన తీసేసిన 1858 చట్టం, అదీ అంతే. విక్టోరియా ఏడు మారేది జూన్ 20న, సరిగ్గా సమావేశాల నడిమధ్య. ఆమె కాలపు చట్టాలకి దాదాపు అన్నిటికీ జంట అంకెలు ఉండడానికి కారణం అదే. మూడో జార్జ్ ఏడు అక్టోబరు 25న మారేది, అప్పటికి సాధారణంగా సభ సెలవులో ఉండేది, అందుకే ఆయన చట్టాలకి ఎక్కువగా ఒంటి అంకె. జంట అంకె కనిపిస్తే నేను సూత్రం వాడను. చిన్న అంకె ముగిసి పెద్ద అంకె మొదలయ్యే సంవత్సరం చూస్తే, విక్టోరియా చట్టాలకి చాలావరకు అదే జవాబు.

ఇంకొక మెలిక, త్వరగా. 1793 దాకా, వేరే తేదీ చెప్పకపోతే, ఏ చట్టమైనా సమావేశం మొదటి రోజు నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క. రెగ్యులేటింగ్ చట్టం, ‘13 జార్జ్ 3, సి. 63’, 1773లో ఆమోదం పొందింది, కానీ సమావేశం 1772 నవంబరులో మొదలైంది, కాబట్టి అధికారిక పేరు 1772 చట్టం. హక్కుల బిల్లుకి 1689 డిసెంబరు 16న ఆమోదం దొరికింది, అధికారిక జాబితా దాన్ని 1688 కింద పెడుతుంది. ఆ పార్లమెంటు 1688/9 ఫిబ్రవరి 13న మొదలైందన్న లెక్క అది. పుస్తకాల్లో రెండు ఏళ్ళూ కనిపిస్తే అచ్చు తప్పు అనుకోవద్దు. ఈ రాజుగారి అంకెల బాధ బ్రిటిష్ చట్టాలకి 1963 జనవరి 1తో తీరింది. 1860లో 45వ చట్టంగా వచ్చి 2024 దాకా నడిచిన మన పాత శిక్షాస్మృతికి మొదటి నుంచీ ఈ బాధ లేదు.

లెక్కలు చేయండి. ఏలుబడి మొదలు తేదీలు: మొదటి జేమ్స్ 1603 మార్చి 24, మొదటి చార్లెస్ 1625 మార్చి 27, మొదటి జార్జ్ 1714 ఆగస్టు 1, రెండో జార్జ్ 1727 జూన్ 11, మూడో జార్జ్ 1760 అక్టోబరు 25. మిగతావి పైన ఉన్నాయి.

1. జూన్ 15, జాన్ 17వ ఏడు. 1215లో ఆరోహణ పండుగ మే 28న పడింది.

2. మార్చి 1, మొదటి చార్లెస్ 4వ ఏడు. పాత ఏడు, కొత్త ఏడు రెండూ గీతతో రాయండి.

3. జూన్ 5, రెండో జార్జ్ 24వ ఏడు.

4. జులై 10, ఫిలిప్–మేరీ 1 & 3వ ఏళ్ళు. మేరీ తన ఏళ్ళను 1553 జులై 6 నుంచి లెక్కపెట్టింది, ఫిలిప్ లెక్క 1554 జులై 25న వాళ్ళ పెళ్ళితో మొదలైంది. ఈ జంట అంకె ఎన్ని రోజులు చెల్లిందో కూడా చెప్పాలి.

5. శుక్రవారం, జూన్ 15, రెండో జార్జ్ 26వ ఏడు. ఇది కష్టం. 1752లో సెప్టెంబరు 2 బుధవారం మర్నాడు సెప్టెంబరు 14 గురువారం వచ్చింది. ఆ 11 రోజులూ రాజుగారి ఏడులో తగ్గకూడదని 26వ ఏడును 1753 జూన్ 21 దాకా సాగదీశారు. కాబట్టి ఆ ఒక్క ఏడులో జూన్ 15 రెండుసార్లు వస్తుంది. వారం పేరు పట్టుకుని ఏది సరైనదో తేల్చండి, వేళ్ళమీద లెక్కించినది కూడా కాగితం మీద చూపించండి. పత్రంలో వారం పేరు లేకపోతే ఏం రాస్తారో కింద ఒక వాక్యం చాలు.