పాలిచ్చే తల్లికుక్కకు వణుకు వచ్చిన రాత్రి

మా ఇంటి పొమరేనియన్ ఐదు పిల్లలను ఈనిన 18వ రోజు రాత్రి, పిల్లలను వదిలేసి గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఆయాసపడసాగింది. ఉక్కపోత వల్లనేమోనని ఫ్యాను కింద పడుకోబెట్టాను. అది నా పొరపాటు. అరగంటలోనే దాని వెనుక కాళ్లు కొయ్యల్లా బిగుసుకుపోయి, ఒళ్లంతా వణకడం మొదలైంది.

పశువైద్యుడు చూడగానే రక్తంలో కాల్షియం పడిపోయిందని గ్రహించి, గుండె చప్పుడు గమనిస్తూ కాల్షియం గ్లూకోనేట్‌ను నరంలోకి చాలా నెమ్మదిగా ఎక్కించారు. చిన్న జాతి కుక్కలు ఎక్కువ పిల్లలను ఈనినప్పుడు, పాల ద్వారా పోయే కాల్షియాన్ని శరీరం అంత వేగంగా భర్తీ చేసుకోలేక, ఈనిన తరువాత 2 నుంచి 4 వారాల మధ్య ఈ స్థితి ఎక్కువగా వస్తుందట. నన్ను నివ్వెరపరచిన సంగతి మరొకటి: కడుపుతో ఉన్నప్పుడు బలానికని నేను రోజూ పట్టిన కాల్షియం టానిక్కే, ఎముకల నుంచి కాల్షియాన్ని తీసుకునే సహజశక్తిని మందగింపజేసి ఉండవచ్చు.

ఒక రోజంతా పిల్లలను తల్లికి దూరంగా ఉంచి, కుక్కపిల్లల కోసం అమ్మే పాలపొడిని గోరువెచ్చని నీళ్లలో కలిపి, నాలుగు గంటలకోసారి సీసాతో పట్టాను. ఆవుపాలలోని కొవ్వు, మాంసకృత్తులు వాటికి చాలవు. పసిబిడ్డలా వెల్లకిలా పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కనుక, బోర్లా ఉంచి తల కాస్త ఎత్తి పట్టాలి. ఆ తరువాత తడి దూదితో పొత్తికడుపు కింద మెల్లగా తుడిస్తేనే మూత్రం పోశాయి. తల్లి నాకి చేసే ఆ పని నాకు అలవడేసరికి తెల్లవారింది.

మర్నాటి సాయంత్రానికి తల్లి లేచి, ఉడికించిన కోడిమాంసం కలిపిన అన్నం తిన్నది. పిల్లలకు మెత్తని తిండి అలవాటు చేస్తూ, తల్లిపాలను రోజుకు రెండుసార్లకు తగ్గించాను.