వయసుకు తగ్గట్టు స్కూల్ పిల్లలకు డాన్స్ క్లాసులు ప్లాన్ చేయడం ఎలా?

ఒకే స్టెప్‌ను ఒకటో తరగతికీ, ఎనిమిదో తరగతికీ నేర్పి చూడండి. చిన్నవాళ్లు రెండు నిమిషాలు ఎగిరి, ఆ తర్వాత పక్కవాళ్ల చొక్కా లాగుతూ కూర్చుంటారు. పెద్దవాళ్లు గోడకు ఆనుకుని నిలబడిపోతారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. చాలామంది టీచర్లు ముందు పాట ఎంచుకుని, దానికి పిల్లల్ని సరిపెట్టాలని చూస్తారు. ఆ వయసు శరీరం ఏం చేయగలదో ముందు చూసుకోవాలి, పాట సంగతి ఆ తర్వాత.

1. మొదటి క్లాసు చూడటానికే

మొదటి రోజు కొత్త స్టెప్పులేవీ వద్దు. నడవమనండి, పరుగెత్తమనండి, ఒంటికాలి మీద గెంతమనండి, సంగీతం ఆపగానే కదలకుండా నిలబడమనండి. ఎవరికి బ్యాలెన్స్ కుదరడం లేదో, ఎవరు సిగ్గుపడుతున్నారో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. గది కూడా చూసుకోండి. సిమెంటు నేల అయితే దూకే స్టెప్పులు తగ్గించాలి. నున్నటి నేల మీద సాక్సులతో అసలు వద్దు, జారి పడతారు. మోకాలి నొప్పి, ఉబ్బసం లాంటివి ఎవరికైనా ఉన్నాయేమో ముందే కనుక్కోవాలి.

2. ఒక క్లాసుకు ఒకే విషయం

నృత్య కదలికలను లోతుగా పరిశీలించిన రుడాల్ఫ్ లాబాన్ (1879–1958) ఆలోచనల ఆధారంగా స్కూల్ డాన్స్‌లో నాలుగు ప్రశ్నలు వాడుతుంటారు. ఏం కదులుతోంది? ఎటు కదులుతోంది? ఎలా కదులుతోంది? ఎవరితో కలిసి కదులుతోంది? ఒక్కో క్లాసుకు వీటిలో ఒకటి తీసుకుంటే చాలు.

ఒకే విషయాన్ని అన్ని వయసులకూ వాడుకోవచ్చు, కష్టం స్థాయి మారుతుందంతే. ‘పైకి, కిందికి’ అన్న అంశాన్నే తీసుకోండి. ఆరేళ్ల పిల్లలు గింజలా ముడుచుకుని పడుకుని, మెల్లగా చెట్టులా లేస్తారు. తొమ్మిదేళ్లవాళ్లు ఎనిమిది కౌంట్లలో కిందికి వెళ్లి, నాలుగు కౌంట్లలో పైకి లేవాలి. పద్నాలుగేళ్లవాళ్లు ముగ్గురేసి గ్రూపులుగా, ఒకరు నేల మీద, ఒకరు మధ్యలో, ఒకరు నిలబడి ఉండేలా 32 కౌంట్ల ముక్కను సొంతంగా తయారు చేయాలి.

3. వయసును బట్టి మార్చండి

అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలకు అరగంట చాలు. వీళ్లలో చాలామందికి తమ కుడి ఎడమలే ఇంకా కుదురుకోవు. ఎదుట నిలబడ్డ మనిషి కుడి ఏదో తెలియడానికి ఇంకొన్నేళ్లు పడుతుంది. అందుకే మీరు ఎదురుగా నిలబడి కుడి చెయ్యి ఎత్తితే, పిల్లలు అద్దంలో చూసినట్టు ఎడమ చెయ్యి ఎత్తుతారు. నోటితో ‘కుడి’ అని చెబుతూ మీ ఎడమ చెయ్యి ఎత్తండి. ఇంకా తేలికైన దారి, అందరికీ ఎడమ మణికట్టుకు రిబ్బన్ ముక్క కట్టి ‘రిబ్బన్ చెయ్యి’ అని పిలవడం. ‘కిటికీ వైపు’ అన్నా పనిచేస్తుంది కానీ, వెనక్కి తిరిగితే కిటికీ అటు మారిపోతుంది, రిబ్బన్ మాత్రం చేతికే ఉంటుంది.

ఎనిమిది నుంచి పదేళ్ల వయసు నేర్పడానికి చాలా హాయి. కౌంట్లు గుర్తుంటాయి, వరుసలు మారడం ఇష్టపడతారు.

పదకొండు నుంచి పద్నాలుగు మధ్య మాత్రం ఓపిక కావాలి. ఒక్కసారిగా పొడుగవుతారు, ఆడపిల్లల్లో ఇది సాధారణంగా రెండేళ్లు ముందే మొదలవుతుంది. నిన్నటిదాకా బాగా వచ్చిన గిరికీలో ఇవాళ తూలిపోతారు. తొడ వెనుక కండరాలు బిగుసుకుంటాయి. కొందరికి దూకినప్పుడు మోకాలిచిప్ప కింద నొప్పి వస్తుంది. ‘బద్ధకం’ అని తిట్టకండి, ఆ రోజుకు దూకుళ్లు మాన్పించి చేతులతో చేయించండి. బలవంతంగా కాళ్లు సాగదీయించవద్దు. అందరి ముందు ఒక్కరినే నిలబెట్టి చేయించవద్దు, నలుగురిలో ఒకరిగా చేయించండి. ఎవరినైనా ముట్టుకుని సరిచేయాల్సి వస్తే ముందు అడగండి.

ఆపై వయసువాళ్లకు సొంతంగా కూర్చుకునే పని ఎక్కువ ఇవ్వాలి.

4. పీరియడ్‌ను భాగాలు చేయండి

40 నిమిషాల పీరియడ్ అనుకుందాం. మొదటి 7 నిమిషాలు వార్మప్, నడక, భుజాలు తిప్పడం, చిన్న చిన్న గంతులు. ఒకే భంగిమలో ఆపి ఉంచే స్ట్రెచింగ్‌ను చివరికి దాచుకోండి, అప్పటికి కండరాలు వెచ్చబడి ఉంటాయి. తర్వాత 8 నిమిషాలు పాత పాఠం, 15 నిమిషాలు కొత్తది. ఇంకో 5 నిమిషాలు సగం మంది చేస్తుంటే మిగతా సగం చూడాలి. చివరి 5 నిమిషాలు నెమ్మదిగా స్ట్రెచింగ్. నీళ్లకు మధ్యలో ఒకసారి ఆపండి.

5. ప్రోగ్రామ్ ఉంటే వెనక నుంచి లెక్క వేయండి

నిమిషానికి 120 బీట్ల పాటలో నిమిషానికి 15 ‘ఎనిమిదులు’ (బీట్‌కు ఒకటి చొప్పున ఎనిమిది కౌంట్ల ముక్కలు) ఉంటాయి. మూడు నిమిషాల పాటంటే 45. పీరియడ్‌కు మూడు కొత్త ఎనిమిదులు నేర్పినా 15 పీరియడ్లు కావాలి, ప్రాక్టీస్ అదనం. అన్ని పీరియడ్లు దొరకకపోతే పాటను కత్తిరించండి, లేదా పల్లవి వచ్చిన ప్రతిసారీ అవే స్టెప్పులు వాడండి. చిన్నపిల్లలకు మొత్తం పాటలో పది పన్నెండు రకాల ఎనిమిదులు దాటకపోతేనే మంచిది. చివరి వారంలో కొత్తదేదీ కలపవద్దు. ఆ టెన్షన్ అంతా పిల్లల మీదే పడుతుంది.

6. క్లాసు అయ్యాక రెండు లైన్లు రాసుకోండి

ఏ కౌంట్ దగ్గర తడబడ్డారు, ఎవరు దూరంగా నిలబడ్డారు, ఈ రెండూ చాలు. తర్వాతి పీరియడ్ ఆ కౌంట్‌తోనే మొదలుపెట్టండి, దూరంగా నిలబడ్డ అమ్మాయిని మీ పక్కన నిలబెట్టుకోండి.