సరుకుల చీటీతో మొదలుపెట్టండి: నెల్లూరు, ప్రకాశం ఇళ్ళలో బరువు తగ్గే భోజనం

బరువు తగ్గాలనుకునేవాళ్ళు మొదట చేయాల్సిన పని, పోయిన నెల సరుకుల చీటీ తీసి లెక్క చూసుకోవడం. రోజూ ఎంత తింటున్నామని అడిగితే ఎవరైనా తక్కువే చెబుతారు. బియ్యం బస్తా ఎన్ని రోజులొచ్చింది, నూనె ప్యాకెట్లు ఎన్ని అయిపోయాయి, పప్పులు ఎన్ని కిలోలు తెచ్చారు అన్నది చూస్తే ఉన్నదున్నట్టు బయటపడుతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార సూచనల ప్రకారం, రోజుకు 2000 కిలోక్యాలరీలు అవసరమైన మనిషికి కావలసినవి ఇవి: బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, వేరుశనగ, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవన్నీ వండకముందు తూకాలు.

దీన్ని నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి నెలకు లెక్క కట్టండి. ధాన్యం మొత్తం 30 కిలోలు. అందులో ఇడ్లీరవ్వ, దోశల బియ్యం, గోధుమపిండి కూడా ఉన్నాయి కాబట్టి, పొద్దున టిఫినుకు మనిషికి 70 గ్రాములు తీసేస్తే అన్నానికి మిగిలేది రోజుకు 180 గ్రాములు. అంటే 25 కిలోల బస్తా ఆ ఇంట్లో దాదాపు 35 రోజులు రావాలి. ఇరవై రోజులకే అడుగు కనిపిస్తుంటే, అన్నం ఎక్కడ ఎక్కువవుతున్నదో వేరే వెతకనక్కర్లేదు. నూనె, నెయ్యి కలిపి మూడున్నర లీటర్లు దాటకూడదు. పప్పు లెక్క దీనికి ఎదురు. మాంసాహారం ముట్టని ఇంటికి నెలకు పది కిలోలు కావాలి. కందిపప్పు రెండు కిలోలు, మినప్పప్పు రెండు కిలోలు తెచ్చే ఇంట్లో మనిషికి రోజుకు పడేది 33 గ్రాములే. గుడ్డు, చేప తినేవాళ్ళకు కొంత లోటు తీరుతుంది, అదీ వారంలో ఒక్క ఆదివారం తింటే తీరదు. మన ఇళ్ళలో అసలు తప్పు ఇదే: బియ్యం, నూనె ఎక్కువ, పప్పూ కూరగాయా తక్కువ. బరువు తగ్గడానికి కొత్త వంటలు అక్కర్లేదు, ఈ పాళ్ళు మారితే చాలు.

అన్నం ఎలా తగ్గించాలి

మన భోజనంలో అన్నం ఒక్కసారి వడ్డించుకునేది కాదు. పప్పులోకి కొంచెం, కూరలోకి కొంచెం, పులుసు లేదా చారులోకి ఇంకొంచెం, చివరికి పెరుగులోకి. ప్రతిసారీ కొంచెమే పెట్టుకున్నట్టు ఉంటుంది. చివరికి చూస్తే నాలుగు వడ్డనలైపోయి ఉంటాయి. అందుకని పూటకు సరిపడా అన్నం మొత్తం మొదట్లోనే కంచంలో పెట్టుకుని, దాన్నే నాలుగు భాగాలు చేసుకోవాలి. గిన్నె మళ్ళీ దగ్గరికి రాకూడదు.

ఎంత పెట్టుకోవాలి? బరువు తగ్గాల్సిన మనిషికి మధ్యాహ్నం 70 గ్రాముల బియ్యం, రాత్రికి 60 చాలు. 70 గ్రాముల బియ్యం వండితే సుమారు 200 గ్రాముల అన్నం అవుతుంది. వంటింటి డిజిటల్ తూకం ఒకటి కొని మొదటి వారం మాత్రం తూచండి. ఇంట్లో ఏ గిన్నెకు ఎంత అన్నం పడుతుందో తెలిసిపోయాక తూకం అవసరముండదు.

అన్నం తగ్గించి కూర పెంచకపోతే మూడో రోజే ఆకలికి ఓడిపోతారు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కూర నంజుకోవడానికి అన్నట్టు రెండు చెంచాలు వేసుకునే అలవాటు పోవాలి. పూటకు కప్పు నిండా, అంటే 150 గ్రాములు, ఉండాలి. అంత కూరను వేపుడు చేస్తే నూనె తాగేస్తుంది. బెండ, గోరుచిక్కుడు, బీర, సొర ఏదైనా ముందు మూతపెట్టి మగ్గనిచ్చి, తిరగమాత చివర్లో వేస్తే నలుగురి కూరకు నాలుగు చిన్న చెంచాల నూనె సరిపోతుంది. పప్పు కూడా ఇలాగే. నలుగురికి 120 గ్రాముల కందిపప్పుకు 400 గ్రాముల తోటకూరో, పొన్నగంటికూరో, బచ్చలో వేసి గట్టిగా చేయండి. పిడికెడు పప్పులో చెంబెడు నీళ్ళు పోస్తే అన్నం ఎక్కువ పోతుందే తప్ప కడుపు నిండదు. కంచం ముందు కూర్చున్నాక మొదట నాలుగైదు ముద్దల కూర, పప్పు ఉత్తిగా తిని, తర్వాత అన్నంలో కలపడం మంచిది. షుగరు ఉన్నవాళ్ళకు భోజనం తర్వాత రక్తంలో చక్కెర పెరగడం దీనివల్ల కొంత నెమ్మదిస్తుంది.

చేపల పులుసు మానక్కర్లేదు

నెల్లూరు మనిషికి డైటింగ్ పేరుతో చేపల పులుసు మానమంటే ఆ డైటింగ్ ఆదివారం దాకా కూడా నిలవదు. మానాల్సిన అవసరమూ లేదు. వంద గ్రాముల చేపలో 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కానాగంతలు, కవళ్ళు వంటి చవక సముద్రపు చేపల్లో గుండెకు మేలు చేసే కొవ్వు కూడా ఉంటుంది. కొత్తపట్నం, జువ్వలదిన్నె వంటి తీరపు ఊళ్ళ నుంచి తాజాగా దొరికేచోట వీటిని వదిలి ఖరీదైనవే కొనాలన్న పట్టు వద్దు.

చిక్కు రెండు చోట్ల ఉంది. మొదటిది నూనె. కిలో చేపకు 150 మిల్లీలీటర్లు పోసి పైన నూనె తేలేలా చేస్తే, ఆరుగురు తిన్నా మనిషికి 25 మిల్లీలీటర్లు. ఒక్క కూరతోనే రోజంతటి నూనె అయిపోయినట్టు. అదే పులుసు 60 మిల్లీలీటర్లతో, అంటే నాలుగు పెద్ద చెంచాలతో, బాగానే కుదురుతుంది. నూనె తగ్గించి చేసేటప్పుడు రెండు పొరపాట్లు జరుగుతాయి. ఉల్లిపాయ మాడుతుంది, పులుసు నీళ్ళలా ఉంటుంది. మాడకుండా ఉండాలంటే వెడల్పాటి చట్టి తీసుకుని, ఉల్లిపాయ ముక్కల మీద చిటికెడు ఉప్పు వేసి, మూతపెట్టి సన్నమంట మీద మగ్గించండి. అడుగంటుతుంటే నూనెకు బదులు చెంచా నీళ్ళు చల్లండి. చిక్కదనానికి సగం ఉల్లిపాయను నూరి వేసి, టొమాటో గుజ్జు పెంచాలి. చింతపండు పులుసు బాగా మరిగి పచ్చివాసన పోయాకే చేప ముక్కలు వేయాలి. ఆ తర్వాత పన్నెండు, పదిహేను నిమిషాలు చాలు. గరిటె పెట్టకుండా చట్టి అంచులు పట్టుకుని తిప్పండి. మామిడికాయ ముక్కలు, వేయించిన మెంతి, ధనియాల పొడి చివర్లో. రుచికి మూలం ఈ పొడి, పులుపు, రాత్రంతా ఊరడం. నూనె ఎక్కువైనంత మాత్రాన ఆ రుచి రాదు. వేసవిలో మాత్రం రాత్రి బయట ఉంచకుండా ఫ్రిజ్జులో పెట్టి, పొద్దున తెర్లేలా కాచి తినాలి.

రెండో చిక్కు అన్నం. మామూలుగా తినేదానికి రెట్టింపు అన్నం పులుసు పేరుతో దిగిపోతుంది. ఆ రోజు కూడా అన్నం ముందే తూచి పెట్టుకుని, ముక్కలు రెండు ఎక్కువ వేసుకోండి.

ఎండుచేపల సంగతి వేరు. మాంసకృత్తులు బాగానే ఉన్నా ఉప్పు చాలా ఎక్కువ. వేడినీళ్ళలో నానబెట్టి రెండుసార్లు కడిగి, ఆ కూరలో మళ్ళీ ఉప్పు వేయకుండా వండాలి. బీపీ ఉన్నవాళ్ళు వదిలేస్తే మేలు. రోజంతటికీ మనిషికి 5 గ్రాముల ఉప్పే, అంటే ఒక చిన్న చెంచా. నలుగురికి నెలకు 600 గ్రాములు. ఊరగాయలో పోసే ఉప్పు కూడా ఈ లెక్కలోదే. పెరుగన్నంలో ఉప్పు వేసుకోవడం, దాంట్లో మళ్ళీ ఆవకాయ నంజుకోవడం, ఈ రెండింట్లో ఒకటి ఈరోజే మానేయవచ్చు.

టిఫిను, సాయంత్రం

ఇడ్లీకి మినప్పప్పు ఒక పాలు, రవ్వ రెండు పాళ్ళు మించకుండా ఉంచండి. రవ్వ మూడు పాళ్ళు చేస్తే ఖర్చు తగ్గుతుంది, పప్పూ తగ్గుతుంది. మూడు ఇడ్లీలు, కప్పు సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు ఉంటే మధ్యాహ్నం దాకా ఆకలి కాదు. కారం దోశ ఇంట్లో చేసుకుంటే దోశకు ఒక చిన్న చెంచా నూనె లేదా నెయ్యి చాలు. వెల్లుల్లి, ఎండుమిర్చి కారం నూనె లేకుండా నూరుకోవచ్చు. వేరుశనగ పచ్చడి మంచిదే గానీ తేలిగ్గా చేయి జారేది అదే: 30 గ్రాముల గుళ్ళలో సుమారు 170 కిలోక్యాలరీలు. వారంలో రెండు రోజులు పెసరట్టు వేసుకుంటే పప్పు లోటు కొంతవరకు తీరుతుంది.

సాయంత్రం నాలుగు మిరపకాయ బజ్జీలు 300 కిలోక్యాలరీల దాకా పోతాయి. ఆ వేళకు ఆకలి నిజమే, దాన్ని అణచుకోమని చెప్పడం తప్పు. శనగలో, అలసందలో, ఉలవలో 30 గ్రాములు పొద్దున నానబోసి గుగ్గిళ్ళు చేసుకుంటే వంద కిలోక్యాలరీలతో సరిపోతుంది. మలై కాజా పండక్కి ఒకటి తినండి. ఫ్రిజ్జులో డబ్బా ఉంచుకోవద్దు. టీ, కాఫీలు భోజనానికి గంట ముందూ గంట తర్వాతా వద్దు. తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తాయి కాబట్టి, రక్తం తక్కువున్న ఆడవాళ్ళు ఇది తప్పకుండా పాటించాలి. మామిడిపండ్ల కాలంలో ఉలవపాడు బంగినపల్లి సగం కాయ సాయంత్రం విడిగా తినవచ్చు. పెరుగన్నంలో కలుపుకుని తింటే మాత్రం ఆ పూట అన్నం సగానికి సగం తగ్గాలి.

పొదిలి, కనిగిరి వైపు ఒకప్పుడు సజ్జ, జొన్న, కొర్ర మామూలు తిండి. ఇప్పుడు అవి బరువు తగ్గించే మందులాగా అమ్ముడవుతున్నాయి. వంద గ్రాముల కొర్రల్లోనూ, వంద గ్రాముల బియ్యంలోనూ శక్తి దాదాపు సమానం. పీచు ఎక్కువ కాబట్టి తక్కువతో కడుపు నిండుతుంది, అంతే. బియ్యం తిన్నంత కొలతే కొర్రన్నం తింటే బరువు తగ్గదు. రాగిసంగటి మంచిది, రాగుల్లో కాల్షియం బాగా ఉంది. రాగిపిండి వడగట్టి, బెల్లం వేసి పలచగా కాచిన జావ తాగితే మాత్రం గంటన్నరకే ఆకలేస్తుంది. ఫ్లోరైడ్ ఉన్న పల్లెల్లో తాగడానికే కాదు, అన్నం, పప్పు వండటానికీ పరీక్ష చేయించిన నీళ్ళే వాడాలి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు.

ఎంత వేగంగా తగ్గాలి

వారానికి అరకిలో. అంతకు మించి తొందర వద్దు. దీనికి రోజుకు సుమారు 500 కిలోక్యాలరీల తేడా రావాలి. అది దొరికే చోట్లు ఇవి: 50 గ్రాముల బియ్యం తగ్గిస్తే 175, రెండు చెంచాల నూనెకు 90, రెండు టీల్లో వేసే నాలుగు చెంచాల చక్కెరకు 80, ముప్పావుగంట వేగంగా నడిస్తే 150 పైచిలుకు. బజ్జీలు మానినవాళ్ళకు ఇంకా మిగులుతుంది.

అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె తాగడం, వారమంతా పండ్లరసాలతో గడపడం వంటివి మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గించి చూపిస్తాయి. అందులో ఎక్కువ భాగం నీళ్ళు. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం తనతోపాటు మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది. నిల్వ కరిగితే నీరూ పోతుంది, మళ్ళీ అన్నం తినగానే రెండూ వచ్చేస్తాయి. ఆ పద్ధతి నెలల తరబడి సాగితే కండ కరుగుతుంది, రెండు మూడు నెలల తర్వాత జుట్టు రాలుతుంది, పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు. రోజుకు 1000 కిలోక్యాలరీల కంటే దిగువకు ఎవరూ సొంతంగా వెళ్ళకూడదు. ఇన్సులిన్ లేదా కొన్ని రకాల షుగరు మాత్రలు వాడేవాళ్ళు మోతాదు మార్చుకోకుండా భోజనం తగ్గిస్తే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ పరీక్షించాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు పప్పు, చేప పెంచే ముందు డాక్టరును అడగాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఎదిగే పిల్లలకు ఈ లెక్కలు వర్తించవు. చీమకుర్తి క్వారీల్లో రాయి కొట్టేవాళ్ళకు, సముద్రంలో చేపల వేటకు వెళ్ళేవాళ్ళకు 70 గ్రాముల బియ్యం ఏ మూలకూ చాలదు. వాళ్ళు తగ్గించుకోవాల్సింది నూనె, ఉప్పు.

బరువు వారానికి ఒక్కసారి, ఒకే రోజున, పొద్దున పరగడుపున చూసుకోండి. రోజూ చూస్తే ఉప్పు, నీళ్ళ తేడాలకే కిలో అటూఇటూ అయి మనసు పాడవుతుంది. దాంతోపాటు టేపుతో నడుము కొలవండి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 లోపుండాలి. బరువు కదలకపోయినా నడుము తగ్గుతుంటే దారి సరైనదే.

రెండు మూడు నెలలకు తగ్గడం ఆగిపోవచ్చు. అప్పుడు అన్నం ఇంకా కోయడానికి ముందు నూనె మళ్ళీ కొలవండి. కొలత మానేసి సీసాతో పోయడం మొదలైన నెలలోనే సాధారణంగా ఇది జరుగుతుంది. నూనె సరిగానే ఉంటే నడక పావుగంట పెంచండి. అనుకున్న బరువు వచ్చాక ఒక్కసారిగా పాత కంచానికి వెళ్ళకుండా, రోజుకు 20 గ్రాముల బియ్యం కలిపి రెండు వారాలు తూకం చూడండి. ముల్లు కదలకపోతే ఇంకో 20 కలపండి, పెరగడం మొదలైతే అంతకుముందున్న కొలత దగ్గరే ఆగండి.