పాత ఐరోపా పటంలో మన తీరాన్ని చదవడం ఎలా?

మూడు, నాలుగు వందల ఏళ్ల నాటి పటం తెరవగానే చూపు ముందుగా ఓడల మీద, మూలల్లో గీసిన ఏనుగుల మీద పడుతుంది. వాటిని తీరిగ్గా చూడొచ్చు. అసలు సరుకంతా తీరం వెంబడి చీమల బారులా సాగే ఊర్ల పేర్లలో ఉంటుంది. మచిలీపట్నం కనిపించే పటం ఏదైనా ఒకటి ఎంచుకుని మొదలుపెట్టండి.

1. మంచి స్కాన్ తెచ్చుకోండి

వాట్సాప్‌లో తిరిగే బొమ్మలు పనికిరావు, జూమ్ చేస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా, అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, డేవిడ్ రమ్సే సేకరణ వెబ్‌సైట్లలో పెద్ద సైజు స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి.

2. పటం మీది సంవత్సరాన్ని వెంటనే నమ్మకండి

అది అచ్చయిన ఏడాది కావచ్చు, సమాచారం మాత్రం అంతకంటే పాతదై ఉండవచ్చు. పటాలను రాగి రేకుల మీద చెక్కేవారు. ఆ రేకులు చేతులు మారేవి. 1629లో ఆమ్‌స్టర్‌డాంలో పటాలు అచ్చేసే హోండియస్ కుటుంబం రేకులు కొన్ని కొన్న అక్కడి మరో పటాల వ్యాపారి బ్లావ్, వాటి మీద పాత పేరు తీసేసి తన పేరు చెక్కించుకున్నాడు. వ్యాపారం అంటే వ్యాపారమే మరి!

కాలం పట్టుకోవడానికి ఆకారం బాగా పనికొస్తుంది. భారతదేశానికి దక్షిణాన కోసుగా మొన లేకుండా, పక్కన శ్రీలంక మాత్రం భారీగా ఉంటే అది రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ లెక్కలతో గీసినది. వాస్కో డ గామా తిరిగి వెళ్లాక, 1502 నాటి కాంటినో పటంలో మనకు తెలిసిన త్రిభుజం కనిపిస్తుంది. రాజ్యాల పేర్లతో మాత్రం జాగ్రత్త. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైనా, 18వ శతాబ్దపు పటాల్లో కూడా ఆ రాజ్యం పేరు కనిపిస్తూనే ఉంటుంది.

3. పేర్లు చదవండి

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. ముందు ఉత్తరం ఎటుందో చూసుకోండి, అది ఎప్పుడూ పైనే ఉండదు. నావికుల పటాల్లో ఊరి పేరును తీరానికి అడ్డంగా, నేల వైపు రాస్తారు. కాబట్టి తెర మీద పటాన్ని తిప్పుకుంటూ చదవాలి. పదం మధ్యలో వచ్చే ‘ఎస్’ అచ్చు ‘ఎఫ్’లా ఉంటుంది. ‘మఫులిపటం’ అని కనిపిస్తే కంగారు పడకండి, అది మసులిపటం, అంటే మన మచిలీపట్నం. పేటపోలి అంటే నిజాంపట్నం, పలియకట్ అంటే పులికాట్, ఒరిక్సా అంటే ఒడిశా. ఉత్తరానికి వెళ్తే నల్ల పగోడా, తెల్ల పగోడా వస్తాయి. మొదటిది కోణార్క్, రెండోది పూరీ ఆలయం. ఓడవాళ్లకు అవి దూరం నుంచి కనిపించే గుర్తులు.

రేవుల పేర్లు ఇంత దట్టంగా ఉండి, లోపలి ఊర్లు ఎందుకు పలచబడ్డాయంటే, చాలా పటాలకు సమాచారం ఓడల నుంచి, వర్తక స్థావరాల నుంచి వచ్చింది. మచిలీపట్నంలో ఇంగ్లీషువారు 1611లో అడుగుపెట్టారు, డచ్చివారు అంతకు ముందే వచ్చారు.

4. అక్షాంశం లెక్క చూడండి

మచిలీపట్నం దాదాపు 16 డిగ్రీల 10 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మీ పటం 16 డిగ్రీల 30 నిమిషాలు చూపిస్తే తేడా 20 నిమిషాలు. ఒక్కో నిమిషం సుమారు 1.85 కి.మీ., అంటే మొత్తం 37 కి.మీ. ఊగే ఓడ మీద నిలబడి సూర్యుడి ఎత్తో ధ్రువనక్షత్రం ఎత్తో కొలిచినవాడికి ఇది మంచి మార్కే.

5. రేఖాంశం దగ్గర మనసు రాయి చేసుకోండి

సముద్రం మీద కచ్చితమైన గడియారం లేకుండా రేఖాంశం తేల్చడం మహా కష్టం. ఇంగ్లండుకు చెందిన జాన్ హారిసన్ చేసిన నాలుగో గడియారాన్ని ఓడలో పరీక్షించడం మొదలైంది 1761లో. దానికి తోడు సున్నా రేఖాంశం కూడా అందరికీ ఒకటి కాదు. మచిలీపట్నం గ్రీనిచ్ నుంచి 81 డిగ్రీల 8 నిమిషాలు. పారిస్ నుంచి లెక్కిస్తే 78 డిగ్రీల 48 నిమిషాలు, ఆఫ్రికా పడమటి తీరానికి ఆవల కానరీ దీవుల్లోని ఫెర్రో దీవి నుంచైతే 98 డిగ్రీల 48 నిమిషాలు అవుతుంది. అంకె పెద్దగా ఉంది కదా అని పటం తప్పనుకోకండి, ఎక్కడి నుంచి లెక్కించారో అంచుల్లో వెతకండి.

6. నీళ్లలోని అంకెలు

తీరానికి దగ్గరగా చిన్న అంకెలుంటే అవి తరచూ లోతు, బారల్లో. ఇంగ్లీషు పటాల్లో ఒక బార 6 అడుగులు. లంగరు బొమ్మ ఉన్నచోట ఓడలు ఆగేవి.

7. నేటి పటం మీద పరిచి చూడండి

రమ్సే సేకరణలో పాత పటాన్ని నేటి పటానికి పిన్నులతో అతికించే సాధనం ఉంది. కృష్ణా, గోదావరి ముఖాల దగ్గర మాత్రం పిన్ను పెట్టకండి. ఒండ్రు పేరుకుని అక్కడి తీరమే మారింది. తేడా వస్తే తప్పు పటానిదో నదిదో తేలదు. విశాఖలోని డాల్ఫిన్స్ నోస్ కొండ, పూరీ ఆలయం, కన్యాకుమారి మొన లాంటి కదలని గుర్తులు ఎంచుకోండి. డెల్టాను ఆఖరున చూడండి.