కొన్న కారు మీటరు వెనక్కి తిప్పారని తెలిస్తే ఏం చేయాలి?

సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక కిలోమీటర్లు తగ్గించి అమ్మారన్న అనుమానం రాగానే చాలామంది చేసే మొదటి పని అమ్మినవారికి ఫోన్ చేసి గొడవపడటం. దయచేసి అలా చేయకండి. మీరు ఫోన్ పెట్టేసేసరికి ఆన్‌లైన్ ప్రకటన మాయం కావచ్చు, ‘కిలోమీటర్ల గురించి మేమేమీ చెప్పలేదు’ అన్న వాదన మొదలు కావచ్చు. అమ్మేటప్పుడు ఎంత తిరిగిందని చెప్పారు, నిజంగా ఎంత తిరిగింది? ఈ రెండింటికీ కాగితం చేతికొచ్చాకే వారితో మాట్లాడండి.

1. వారు చెప్పిన మాటను భద్రపరచండి

ప్రకటన స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ సందేశాలు, ఇన్‌వాయిస్, డెలివరీ నోట్, అడ్వాన్సు రసీదు. వీటిలో కిలోమీటర్ల సంఖ్య ఎక్కడ కనిపించినా తీసి దాచండి. నంబరు ప్లేటు, ఛాసిస్ నంబరు, మీటరు వరసగా కనిపించేలా మధ్యలో ఆపకుండా ఒక వీడియో తీయండి. ఆ సందేశాలు ఉన్న ఫోనును అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. ఎలక్ట్రానిక్ ఆధారాలను దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి, అసలు ఫోను మీ దగ్గరుంటే ఆ పని తేలిక.

2. అసలు రీడింగ్‌ను బయటికి తీయండి

అన్నిటికంటే బలమైన రుజువు ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో దొరుకుతుంది. కారు సర్వీసుకు వచ్చిన ప్రతిసారీ తేదీతో పాటు రీడింగ్‌ను కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. ఆర్‌సీ, మీ గుర్తింపు కార్డు పట్టుకెళ్లి సర్వీస్ హిస్టరీ ప్రింటు అడగండి, దానిమీద స్టాంపు వేయించుకోండి. తెర మీద చూపించి సరిపెడితే ఒప్పుకోవద్దు. పాత యజమాని వివరాలు ఇవ్వలేమంటే పేర్లు తీసేసి తేదీలు, రీడింగులు మాత్రమే ఇమ్మనండి. అదీ కాదంటే, ఆ రికార్డు తెప్పించమని తర్వాత వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చు.

ఉదాహరణకు 2021 మార్చిలో 61,300, 2022 ఆగస్టులో 84,900 అని ఉండి, 2024లో మీకు అమ్మిన రోజు మీటరు 47,000 చూపిస్తే ఇక వాదనకు పెద్దగా తావుండదు. అయితే ఒక్క విషయం తప్పక చూడండి. మీటరు చెడిపోయి కొత్తది బిగించినా లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలుకావచ్చు. అలా మార్చినట్లు సర్వీస్ సెంటర్ రాసిన జాబ్ కార్డు (పని వివరాల కాగితం) ఉందేమో చూడకుండా ఎవరిమీదా మోసం ముద్ర వేయడం న్యాయం కాదు. అలా మార్చిన సంగతి మీకు చెప్పకుండా అమ్మితే మాత్రం అదీ ఫిర్యాదు చేయదగినదే.

సర్వీస్ రికార్డు దొరకకపోతే మంచి మెకానిక్‌తో స్కానర్ పెట్టించండి. కొన్ని కార్లలో ఇంజిన్, గేర్‌బాక్స్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూళ్లలోనూ కిలోమీటర్లు నమోదవుతాయి. మీటరు మార్చేవారు వాటి జోలికి వెళ్లకపోవచ్చు. పాత ప్రమాద బీమా క్లెయిముల సర్వే నివేదికల్లోనూ రీడింగ్ ఉంటుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెలు కూడా చూడండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. 2019 మోడల్, మీటరులో 22,000 మాత్రమే, నాలుగు టైర్లూ 2023లో తయారైనవి అయితే గట్టిగా అనుమానించాలి. కానీ టైర్లు, అరిగిన పెడల్ రబ్బర్లు అనుమానాన్ని బలపరుస్తాయే తప్ప వాటితోనే కేసు నిలబడదు.

3. ఎవరి చేతిలో ఉండగా తగ్గిందో గుర్తించండి

యాజమాన్యం మారిన తేదీలను రీడింగుల పక్కన పెట్టి చూడండి. మీకు అమ్మినవారి కంటే ముందే ఎవరో తిప్పి ఉండవచ్చు. అందుకే నోటీసులో ‘మీరే తిప్పారు’ అని కాక ‘మీరు చెప్పిన రీడింగ్ అబద్ధం’ అని రాయండి. మొదటిది నిరూపించడం కష్టం, రెండోదానికి కాగితాలు మీ చేతిలోనే ఉన్నాయి.

4. కారును వాడకుండా ఆపండి

మోసం తెలిశాక కూడా మామూలుగా తిప్పుకుంటూ ఉంటే, తెలిసే ఒప్పుకున్నారని అవతలివారు వాదిస్తారు. అంతకంటే ముఖ్యం మీ ప్రాణం. కొన్ని ఇంజిన్లలో లోపలి భాగాలను ఒకే లయలో కదిపే టైమింగ్ బెల్టు ఉంటుంది, దాన్ని కిలోమీటర్ల లెక్కన మారుస్తారు. మీటరు తక్కువ చూపిస్తున్నందుకు ఆ బెల్టు మార్చకుండా వదిలేస్తే, ప్రయాణం మధ్యలో తెగి ఇంజిన్ లోపలి భాగాలు విరిగిపోవచ్చు. కారు నడపక తప్పకపోతే బెల్టు, బ్రేకులు, సస్పెన్షన్ అసలు కిలోమీటర్ల ప్రకారం పరీక్ష చేయించి, ఆ బిల్లులు దాచండి.

5. నోటీసు పంపండి

కారు వెనక్కి తీసుకుని మొత్తం డబ్బు ఇవ్వాలా, ధరలో తేడా ఇవ్వాలా, ఏది కావాలో స్పష్టంగా రాసి 15 రోజులు గడువివ్వండి. తేడా అడిగితే, అసలు కిలోమీటర్లతో ఆ కారు ఎంత చేస్తుందో ఇద్దరు వేరే డీలర్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. స్పీడ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ పంపి, అందినట్లు రుజువు ఉంచుకోండి.

6. వినని డీలరుపై కమిషన్‌కు వెళ్లండి

ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, హైదరాబాద్‌లో కొన్న కారుకు ఖమ్మంలో ఉండి కూడా వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధి. 5 లక్షల వరకు రుసుము లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు. న్యాయవాది తప్పనిసరి కాదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లు ఆర్టీఏ కార్యాలయం నుంచి అనుమతి పొందాలి, తమ దగ్గరున్న వాహనం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఎలక్ట్రానిక్ రిజిస్టర్‌లో రాయాలి. ఆ అనుమతి ఉందో లేదో నోటీసులోనే అడగండి, రిజిస్టర్ కాపీ ఇమ్మనండి.

వ్యాపారి కాని వ్యక్తి దగ్గర కొంటే కమిషన్ దారి సాధారణంగా ఉండదు, సివిల్ కోర్టుకు వెళ్లాలి. కావాలనే మోసం చేశారనడానికి ఆధారం ఉంటే, డీలరైనా వ్యక్తైనా, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. 2024 జులై 1కి ముందు జరిగిన అమ్మకమైతే పాత ఐపీసీ వర్తిస్తుంది.

7. రాజీకి వస్తే

ఒప్పందాన్ని కాగితం మీద రాయించి ఇద్దరూ సంతకాలు చేయండి. కారు వెనక్కి ఇస్తుంటే డబ్బు మీ ఖాతాలో పడ్డాకే యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 మీద సంతకం పెట్టి ఆర్‌సీ, తాళాలు ఇవ్వండి. రుణం తీసుకుని కొని ఉంటే ముందుగా బ్యాంకుకు చెప్పాలి. ఆర్‌సీలో మీ పేరు పోయే వరకు ఆ కారుకు పడే చలాన్లు మీకే వస్తాయి, కాబట్టి అప్పగించిన తేదీ, సమయం, రీడింగ్ రాసి సంతకం తీసుకోండి.