కూలింగ్ గ్లాసెస్ వారంటీ క్లెయిమ్ చేసే ముందు

కొత్త కూలింగ్ గ్లాసెస్ కాడ ఊడిందనో, అద్దం మీది పూత పొరలుగా లేస్తోందనో వెంటనే ఫెవిక్విక్ తీయకండి. పక్క షాపులో స్క్రూ కూడా వేయించకండి. బయటివాళ్ల చెయ్యి పడిందని తెలిస్తే చాలు, క్లెయిమ్ కొట్టేయడానికి సాకు దొరికినట్టే.

ముందు ఫొటోలు తీసుకోండి. పాడైన చోటు దగ్గరగా ఒకటి, కాడ లోపలివైపు ముద్రించిన మోడల్ నంబరు ఒకటి. రేబాన్ ఏవియేటర్ అయితే అక్కడ ఆర్‌బీ 3025 అని ఉంటుంది, పక్కనే అద్దం వెడల్పు, ముక్కు దగ్గరి కొలత. ఆ అంకెలు అరిగిపోకముందే, అంటే కొన్నరోజే తీసి పెట్టుకుంటే ఇంకా మేలు. బిల్లు కూడా అంతే. బిల్లులు అచ్చేసే థర్మల్ కాగితం బీరువాలో దాచినా కొన్నాళ్లకు అక్షరాలు చెరిగి తెల్లబడుతుంది. వారంటీ కార్డు ఇస్తే దాని మీద షాపు ముద్ర, తేదీ పడ్డాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.

గీతలు పడినవాటికి, మీద కూర్చుని విరగ్గొట్టినవాటికి వారంటీ మామూలుగా వర్తించదు. తయారీ లోపమైతేనే అడగండి, అదీ రాతపూర్వకంగా. మెయిల్ అయినా సరే. కాదంటే కారణం కూడా రాసివ్వమనండి. నోటిమాటగా 'కుదరదు సార్' అన్నవాళ్లు రాతలో అంత తేలిగ్గా అనలేరు.

అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే ఫిర్యాదు చెప్పొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు.