స్మార్ట్ స్విచ్చులు పెట్టించే ముందు చూసుకోవలసినవి

బరంపురం, పర్లాకిమిడి వైపు ఇంట్లో ఫోన్‌తో, నెట్ మీద నడిచే ఈ స్విచ్చులు పెట్టించాలనుకుంటే, డబ్బు కట్టక ముందే ఇవి చూసుకోండి.

☐ మెయిన్ ఆపించి, స్విచ్‌బోర్డు విప్పించి, లోపల న్యూట్రల్ వైరు (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఉందేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. చాలా స్మార్ట్ స్విచ్చులకు అది కావాలి. పాత ఇళ్లలో కొన్ని బోర్డుల్లో ఉండదు.

☐ 2,000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గే పెట్టండి.

☐ అన్నిటికంటే ముఖ్యం తుఫాను రోజులు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అలాంటప్పుడు కరెంటు ఇన్వర్టర్ మీద ఉన్నా నెట్ ఉండకపోవచ్చు. అందుకే కొనేచోటే నెట్ తీయించి, స్విచ్చు పనిచేస్తుందో లేదో చూడండి. చేత్తో నొక్కే మామూలు స్విచ్చు మాత్రం తీసేయనివ్వకండి. మాటతో స్విచ్చులు నడిపే అలెక్సా తెలుగులో చెబితే వినదు, ఇంట్లో పెద్దవాళ్లకు ఆ స్విచ్చే ఆధారం.

☐ కరెంటు పోయి వచ్చాక గీజరు, మోటారు ఆఫ్‌లోనే ఉండేలా సెట్టింగ్ పెట్టించండి.

☐ ఇలాంటి పరికరాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి. వెనక గదిలో సిగ్నల్ చూడండి.

☐ స్విచ్చులు నడిపే యాప్ అకౌంటు హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి ఫోన్లో ఒక్కదానిలోనే ఉంటే టెన్షన్. ఇంట్లో ఉండేవాళ్ల ఫోన్లో కూడా పెట్టించి, పాస్‌వర్డ్ మార్చుకోండి.